పన్నెండు అంకెల సంఖ్యకు చివరి అంకె కాపలా



పెద్ద పూర్ణ సంఖ్య అనగానే మనకు నక్షత్రాల దూరాలో, చదరంగం గళ్లలోని గింజల లెక్కో గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో అంత దూరం వెళ్లనవసరం లేదు. మీ ఇంటి బీరువాలోనే ఒక పెద్ద సంఖ్య ఉంది. అది మీ అమ్మగారి ఆధార్ సంఖ్య. కోట్ల లెక్కలో చదివితే అది కనీసం ఇరవై వేల కోట్లు ఉంటుంది. దానితో మనం కూడికలు, గుణకారాలు చేయం. అయినా ఆ సంఖ్యలో చక్కని గణితం ఉంది. ఆ గణితం ఎందుకు అవసరమైందో, అది ఎలా పని చేస్తుందో, ఎంతవరకు పని చేస్తుందో ఇప్పుడు తెలుసుకుందాం.

ఒక చిన్న పొరపాటు

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌కు భవన నిర్మాణ పనులకు వచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కూలి డబ్బులు నేరుగా ఖాతాలో పడాలంటే ఆధార్ సంఖ్యను నమోదు చేయించాలి. కిటికీ అవతల గుమాస్తా హిందీలో చదువుతున్నాడు, ఇవతల తెలుగాయన రాసుకుంటున్నాడు. గుమాస్తా "ఉన్‌తీస్" అన్నాడు. అంటే 29. మనవాడి చెవిన "తీస్" అన్న మాట పడింది, 39 అని రాసుకున్నాడు. ఒక్క అంకె మారింది. మరొక చోట 37 అనబోయి 73 అని రాశాడు. పక్కపక్క అంకెలు తారుమారయ్యాయి.

ఈ తప్పును ఎవరూ పట్టుకోకపోతే ఏమవుతుంది? నెలంతా ఎండలో చేసిన పనికి రావలసిన డబ్బు ఆగిపోవచ్చు, లేదా ముక్కూ మొహం తెలియని వారి ఖాతాకు చేరవచ్చు. కనుక సంఖ్య తప్పుగా నమోదయితే "నాలో తప్పుంది" అని ఆ సంఖ్యే చెప్పగలగాలి. అదెలా సాధ్యం?

లెక్కల మనుషులు చేసే పొరపాట్లను లెక్కపెట్టినవారిలో ఒకడు నెదర్లాండ్స్‌కు చెందిన జాకోబస్ వెర్హోఫ్. చేతితో నమోదు చేసిన సంఖ్యల్లోని తప్పులను ఆయన పరిశీలించాడు. సుమారు ఐదింట నాలుగు వంతుల తప్పుల్లో ఒక్క అంకె మాత్రమే మారింది. పదింట ఒక వంతు తప్పుల్లో పక్కపక్క అంకెలు తారుమారయ్యాయి. అంటే ఈ రెండు రకాలను పట్టుకుంటే పది తప్పుల్లో దాదాపు తొమ్మిది దొరికిపోయినట్టే.

ఆధార్ సంఖ్య నిర్మాణం

భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2009 జనవరి 28న ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలో గోల్ మార్కెట్ దగ్గర బంగ్లా సాహిబ్ రోడ్డులో ఉంది. మొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో ఇచ్చారు.

ఈ సంఖ్యలో మొత్తం 12 అంకెలు. మొదటి 11 అంకెలను యాదృచ్ఛికంగా, అంటే చీటీ తీసినట్టుగా ఎంచుతారు. పన్నెండవది తనిఖీ అంకె. అది మిగిలిన 11 అంకెల మీద ఆధారపడి వస్తుంది. ఆధార్ సంఖ్య 0తో గాని, 1తో గాని మొదలవదు.

పిన్‌కోడ్‌తో పోల్చి చూడండి. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడ్‌లో ప్రతి అంకె ఏదో ఒకటి చెబుతుంది. 11తో మొదలైతే అది ఢిల్లీ. ఆధార్ సంఖ్య అలా ఏమీ చెప్పదు. జిల్లా గాని, వయసు గాని, కులం గాని, మతం గాని అందులో ఉండవు. ఆ సంఖ్యకు వ్యక్తి వివరాలతో సంబంధం ఉండకూడదని 2016 నాటి ఆధార్ చట్టమే చెబుతోంది. ఒకరికి ఇచ్చిన సంఖ్యను మరొకరికి ఎన్నడూ ఇవ్వకూడదని కూడా అదే చట్టం నిర్దేశిస్తోంది.

కూడికతో ఎందుకు కుదరదు?

తనిఖీ అంకెను కనుక్కోవడానికి అన్నిటికంటె తేలిక మార్గం కూడిక. 1947 అనే సంఖ్యను తీసుకోండి. 1947 ఆధార్ సహాయ కేంద్రపు ఫోన్ నంబరు కూడా. దాని అంకెల మొత్తం 1 + 9 + 4 + 7 = 21. దీనికి 9 కలిపితే 30, ఇది 10తో భాగింపబడుతుంది. కాబట్టి 9ని తనిఖీ అంకెగా చేర్చి 19479 అని రాస్తాం. ఇందులో ఏ ఒక్క అంకె మారినా మొత్తం చివర సున్న రాదు, తప్పు దొరుకుతుంది. కాని 9, 4 తారుమారై 14979 అయితే? మొత్తం మళ్లీ 30. తప్పు తప్పించుకుంది. కూడికకు వరుసతో పని లేదు కదా!

మరి ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క భారం ఇస్తే? మీ పుస్తకం వెనుక అట్ట మీద 978తో మొదలయ్యే 13 అంకెల సంఖ్య ఉంటుంది. అది ఐఎస్‌బీఎన్. 2007 నుంచి పుస్తకాలకు ఈ పద్ధతి వచ్చింది. ఇందులో అంకెలను వరుసగా 1, 3, 1, 3 లతో గుణించి కూడుతారు. ఇది చాలా తారుమార్లను పట్టుకుంటుంది, కాని అన్నిటినీ కాదు. 16కు 1 × 1 + 6 × 3 = 19. దానిని తిప్పి 61 అంటే 6 × 1 + 1 × 3 = 9. రెండిటి చివరా 9 ఉంది, తేడా తెలియదు. 5 తేడా ఉన్న జతలన్నిటికీ ఇదే గతి.

బ్యాంకు కార్డుల మీది సంఖ్యల్లో లున్ పద్ధతి వాడతారు. హాన్స్ పీటర్ లున్ అనే ఐబీఎం ఇంజనీరు పేరున ఇది ప్రసిద్ధం. ఇందులో అంకె విడిచి అంకెను రెట్టింపు చేస్తారు, రెండంకెలు వస్తే వాటిని కూడుతారు. ఇది ఇంకా మెరుగైనదే. కాని 9ని రెట్టిస్తే 18, 1 + 8 = 9. సున్నను రెట్టిస్తే సున్న. కాబట్టి 09ని 90గా రాస్తే ఈ పద్ధతికి కనబడదు.

ఇంతకంటె తెలివైన పట్టిక ఏదైనా తయారు చేయలేమా? 10తో భాగించి శేషం చూసే పద్ధతిలో చేయలేం. ఎందుకో చూడండి.

పక్కపక్కనున్న రెండు స్థానాలకు రెండు పట్టికలు ఇచ్చామనుకుందాం. మొదటి స్థానంలో అంకెను క పట్టిక ప్రకారం, రెండవ స్థానంలో ఖ పట్టిక ప్రకారం మార్చి కూడుతాం. ఒక్క అంకె తప్పును పట్టుకోవాలంటే ప్రతి పట్టికలోనూ 0 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కసారే రావాలి. తారుమారును కూడా పట్టుకోవాలంటే, ఒక్కొక్క అంకెకు క విలువ నుంచి ఖ విలువను తీసివేసినపుడు వచ్చే శేషాలు పదీ వేర్వేరుగా ఉండాలి. ఏ రెండు అంకెలకు ఆ శేషం సమానమైనా, ఆ రెండూ తారుమారైతే మొత్తం మారదు. పది శేషాలు వేర్వేరు అంటే అవి 0, 1, 2, … 9. వాటి మొత్తం 45, దీనిని 10తో భాగిస్తే శేషం 5. ఇక మరో వైపు నుంచి చూడండి. క పట్టికలోని విలువల మొత్తం 45, ఖ పట్టికలోనూ 45. తేడాల మొత్తం 45 − 45 = 0. ఒకే మొత్తానికి ఒకసారి 5, ఒకసారి 0 శేషంగా రావడం అసాధ్యం. అంటే అటువంటి పట్టికలు లేనే లేవు.

పదికి బదులు 11తో భాగిస్తే ఈ చిక్కు తీరుతుంది. పాత 10 అంకెల ఐఎస్‌బీఎన్ అలాగే చేసేది. కాని 11తో భాగిస్తే శేషంగా 10 కూడా రావచ్చు. దాన్ని ఒక్క అంకెలో రాయలేక ఎక్స్ అనే అక్షరం పెట్టేవారు. అంకెలు మాత్రమే ఉండవలసిన ఆధార్‌కు అది పనికిరాదు.

పంచభుజి చెప్పిన ఉపాయం

1969లో వెర్హోఫ్ ఈ చిక్కుకు దారి కనిపెట్టాడు. చిక్కంతా కూడికలోనే ఉంది. 3 + 7 అన్నా 7 + 3 అన్నా ఒకటే. దీనిని బడి పుస్తకాల్లో స్థిత్యంతర ధర్మం అనీ, కళాశాల పుస్తకాల్లో వినిమయ ధర్మం అనీ చదువుతారు. ఈ ధర్మం లేని లెక్కను ఎంచుకుంటే?

దళసరి అట్టతో ఒక క్రమ పంచభుజిని కత్తిరించి బల్ల మీద పెట్టండి. దానిని తీసి మళ్లీ అదే చోట సరిగ్గా అమర్చడానికి పది విధాలున్నాయి. తిప్పకుండా ఉంచడంతో కలిపి అయిదు భ్రమణాలు, బోర్లించి పెట్టే పరావర్తనాలు అయిదు. పది విధాలు, పది అంకెలు! భ్రమణాలకు 0 నుంచి 4, పరావర్తనాలకు 5 నుంచి 9 పేర్లు పెడదాం. ఒకదాని తర్వాత ఒకటి చేయడాన్ని ∗ గుర్తుతో చూపుదాం. ముందు తిప్పి తర్వాత బోర్లించడం వేరు, ముందు బోర్లించి తర్వాత తిప్పడం వేరు. అట్టముక్క మీద గుర్తు పెట్టుకొని మీరే చేసి చూడండి.

లెక్కకు నియమాలు రెండే. 0 నుంచి 4 వరకు అంకెలను బొమ్మ అందాం, 5 నుంచి 9 వరకు అంకెలను బొరుసు అందాం. ప్రతి అంకెనూ 5తో భాగించి శేషం తీసుకోండి.

మొదటి నియమం: మొదటి అంకె బొమ్మ అయితే శేషాలను కూడండి. బొరుసు అయితే మొదటి దాని నుంచి రెండవ దానిని తీసివేయండి. వచ్చినదానికి మళ్లీ 5తో శేషం చూడండి. రుణసంఖ్య వస్తే 5 కలపండి.

రెండవ నియమం: రెండు అంకెలూ ఒకే జాతివైతే ఆ శేషమే జవాబు. వేరు జాతులైతే దానికి 5 కలపండి.

ఉదాహరణకు 1 ∗ 5 చూద్దాం. మొదటిది బొమ్మ, 1 + 0 = 1, జాతులు వేరు కనుక జవాబు 6. ఇక 5 ∗ 1 చూద్దాం. మొదటిది బొరుసు, 0 − 1 = −1, 5 కలిపితే 4, జాతులు వేరు కనుక జవాబు 9. వరుస మారితే జవాబు మారింది. మనకు కావలసినది ఇదే.

అయితే 1, 2 వంటి రెండు బొమ్మలు ఎటు చేసినా ఒకే జవాబు ఇస్తాయి. అందుకని వెర్హోఫ్ ఇంకొక ఏర్పాటు చేశాడు. అంకెలను ఒక వలయంగా పేర్చాడు: 0, 1, 5, 8, 9, 4, 2, 7, మళ్లీ 0. మిగిలిన 3, 6 ఒకదాని స్థానంలోకి మరొకటి వస్తూ పోతుంటాయి. కుడి నుంచి ఎడమకు లెక్కించి చివరి అంకె స్థానాన్ని 0 అనండి. ఏ స్థానంలో ఉన్న అంకెను అన్ని అడుగులు ఈ వలయంలో ముందుకు జరపాలి. తర్వాత కుడి నుంచి ఎడమకు వరుసగా ∗ చేసుకుంటూ పోవాలి. చివరకు 0 వస్తే సంఖ్య సరైన రూపంలో ఉన్నట్టు.

1947కు ఈ పద్ధతిలో తనిఖీ అంకె 1 వస్తుంది. అంటే 19471. సరిచూద్దాం. 0వ స్థానంలోని 1 కదలదు. 1వ స్థానంలోని 7 ఒక అడుగు జరిగి 0 అవుతుంది. 2వ స్థానంలోని 4 రెండడుగులు జరిగి 7 అవుతుంది. 3వ స్థానంలోని 9 మూడడుగులు జరిగి 7 అవుతుంది. 4వ స్థానంలోని 1 నాలుగడుగులు జరిగి 4 అవుతుంది. ఇప్పుడు 1 ∗ 0 = 1, 1 ∗ 7 = 8, 8 ∗ 7 = 1, 1 ∗ 4 = 0. సరిపోయింది.

9, 4 తారుమారై 14971 అయిందనుకోండి. జరిపిన అంకెలు వరుసగా 1, 0, 2, 0, 4. లెక్క చేస్తే 1 ∗ 0 = 1, 1 ∗ 2 = 3, 3 ∗ 0 = 3, 3 ∗ 4 = 2. సున్న రాలేదు. కూడికకు చిక్కని తప్పు ఇక్కడ చిక్కింది.

అన్ని తారుమార్లూ ఇలాగే దొరుకుతాయని నమ్మకమేమిటి? పక్క స్థానాల మధ్య తేడా ఎప్పుడూ ఒక్క అడుగే. కాబట్టి, మొత్తం లక్ష కోట్ల సంఖ్యలను పరీక్షించనక్కర లేదు. వేర్వేరు అంకెల జతలు 45 మాత్రమే. ఒక్కొక్క జతలో రెండవ అంకెను ఒక అడుగు జరిపి ∗ చేసి, తిరగేసి మళ్లీ చేసి, జవాబులు వేరుగా ఉన్నాయని చూస్తే చాలు. 45 జతల్లోనూ వేరుగానే ఉంటాయి. ఒక మధ్యాహ్నం కూర్చుంటే మీరే చేయగలరు. ఒక్క అంకె తప్పు దొరకడానికి కారణం మరీ సులువు. పంచభుజి కదలికల్లో దేనినైనా వెనక్కు తిప్పవచ్చు. కాబట్టి ఒక్క కదలిక మారితే చివరి స్థితి మారకుండా ఉండదు. ఇటువంటి లక్షణాలున్న వ్యవస్థను గణితంలో సమూహం అంటారు. డిగ్రీ తరగతుల్లో సమూహ సిద్ధాంతం చదివేటప్పుడు ఈ పంచభుజి మీకు మళ్లీ ఎదురవుతుంది.

సంఖ్య ఇంత పెద్దదెందుకు?

మొదటి 11 అంకెలకు 10,000 కోట్ల అమరికలు ఉంటాయి. 0, 1 లతో మొదలయ్యేవి తీసేస్తే 8,000 కోట్లు మిగులుతాయి. ఇప్పటివరకు ఇచ్చిన ఆధార్ సంఖ్యలు 130 కోట్లకు పైనే. అంటే సరైన రూపంలో ఉన్న ప్రతి అరవై సంఖ్యల్లో సుమారు ఒకటికే మనిషి ఉన్నాడు. మిగిలినవి ఖాళీ ఇళ్లు.

ఈ ఖాళీ వృథా కాదు. ఒకేసారి రెండు మూడు అంకెలు తప్పితే తనిఖీ అంకె పదింట ఒకసారి మోసపోవచ్చు. అప్పుడు కూడా ఆ తప్పు సంఖ్య ఖాళీ ఇంటికే చేరే అవకాశం ఎక్కువ. పదింట ఒకటి, అందులో అరవైకి ఒకటి అంటే ఆరు వందలకు ఒకటి. ఆ రకం తప్పులు ఆరు వందలు జరిగితే వాటిలో ఒకటి మరొకరి సంఖ్య మీద పడుతుందన్నమాట. సంఖ్య పెద్దదిగా ఉండటం కూడా ఒక రక్షణే.

కాపలా ఎంతవరకు?

తనిఖీ అంకె పొరపాటును పట్టుకుంటుంది, మోసాన్ని కాదు. ఈ పాఠం చదివిన మీరు కాగితం మీద సరైన రూపంలో సంఖ్యను తయారు చేయగలరు. అది నిజంగా ఎవరిదైనా అవునో కాదో ఆ లెక్క చెప్పదు. మరొకరి సంఖ్యను తప్పు లేకుండా రాసి తనదని చెప్పినవాడిని కూడా అది అడ్డుకోలేదు. ఆ సంగతి తేల్చాలంటే బెంగళూరులోను, ఢిల్లీ సమీపాన మానేసర్‌లోను ఉన్న ప్రాధికార సంస్థ డేటా కేంద్రాలలోని రికార్డులతో పోల్చి చూడాలి. అసలు సంఖ్యను అందరికీ ఇవ్వకుండా ఉండటానికి 2018లో 16 అంకెల వర్చువల్ ఐడీ వచ్చింది. దాని చివరి అంకె కూడా వెర్హోఫ్ పద్ధతిలోదే.

ఎవరి వివరాలు ఎవరు అడగవచ్చు, ఎక్కడ ఆధార్ తప్పనిసరి అన్న ప్రశ్నలు గణితానివి కావు. వాటిని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు విచారించి తీర్పు చెప్పింది. ఆధార్ చట్టాన్ని సమర్థిస్తూనే కొన్ని నిబంధనలను కొట్టివేసింది. గణితం చేసే పని గణితం చేస్తుంది, న్యాయం చేసే పని న్యాయం చేయాలి.

గురుగ్రామ్‌లోని మన కుటుంబం దగ్గరకు మళ్లీ వద్దాం. 29కి బదులు 39 అని పడినపుడు కంప్యూటరు తెర మీద "సంఖ్య సరికాదు" అని వస్తే, గుమాస్తా విసుక్కున్నా సరే, సంఖ్యను ఇంకొకసారి నెమ్మదిగా చదివించాలి. ఆ ఒక్క వాక్యం వెనుక ఒక పంచభుజి, ఒక కూలి కుటుంబపు నెల జీతం ఉన్నాయని ఇప్పుడు మీకు తెలుసు.

అభ్యాసం

123456789010 అనే సంఖ్యను తీసుకోండి. దీనిని 12,345 కోట్ల 67 లక్షల 89 వేల 10 అని చదవాలి. ఇది 1తో మొదలవుతుంది కనుక ఎవరి ఆధార్ సంఖ్యా కాదు, భయం లేకుండా లెక్క చేయవచ్చు. వెర్హోఫ్ పద్ధతిలో చివరకు 0 రావాలి. వలయంలో ఎనిమిది అంకెలే ఉన్నాయి కాబట్టి, ఎనిమిదడుగులు వేస్తే మొదటి చోటికే వస్తారని గుర్తుంచుకోండి. తర్వాత 9ని, దాని పక్కనున్న 0ని తారుమారు చేసి 123456780910 అని రాసి మళ్లీ లెక్క చేయండి. లున్ పద్ధతికి చిక్కని జత ఇది. మీకు 7 వస్తే లెక్క సరిగ్గా చేసినట్టే.

మీ ఇంట్లోని వారి అసలు సంఖ్యలతోనూ ఈ లెక్క చేసి చూడవచ్చు. చూసిన తర్వాత ఆ కాగితాన్ని చింపివేయడం మరచిపోకండి.